పగ తెలియని నెత్తురు

"దాని నెత్తురు నా కొడుకు మీద పగబట్టింది" అని నిర్మల నలుగురి ముందు అనేసిన ఆ మధ్యాహ్నం, ఆమె కోడలు రమ్య మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో భర్త కోసం కాచి చల్లార్చిన నీళ్ల సీసా. కింద ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు. రోగి గదిలోకి బయటివాళ్లు రాకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు కనుక, పరామర్శకు వచ్చిన బట్టలబజారు ఆడవాళ్లంతా దుకాణంలోనే బిందెల వరుసల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

నిర్మల "దాని" అన్నది పరాయి మనిషిని కాదు. తన కడుపున పుట్టిన పెద్దబిడ్డ స్నేహలతను. నిర్మల కొడుకు శ్యాంసుందర్‌కు బ్లడ్ క్యాన్సర్ వచ్చినప్పుడు, తన ఒంట్లోంచి మూలకణాలు తీసి ఇచ్చిన అక్కను. హైదరాబాదులో మార్పిడి చక్కగా జరిగింది. శ్యాంసుందర్ ఇల్లు చేరి రెండు నెలలు బాగానే ఉన్నాడు. ఆ తరువాత అరచేతులు ఎర్రబడ్డాయి. చెవుల అంచులు, మెడ, వీపు ఒకదాని వెంట ఒకటి కందిపోయాయి. నోరు పూసి, మెతుకు తగిలితే కళ్లలో నీళ్లు తిరిగేవి.

"సొంత అక్కది సుత పడకపోవుడేందే నిర్మలా?" అని ఒకావిడ ఆశ్చర్యపోయింది.

"ఇంకెక్కడి సొంతం? లోపల కోపం పెట్టుకొనే ఇచ్చింది. గా కోపమే గిప్పుడు తోలు మీదికొచ్చి పిలగాన్ని తింటాంది."

వాళ్లు నమ్మారు. తల్లి నోటి మాట కనుక నమ్మడమూ సులువే. సాయంత్రానికి ఆ మాట బజారు చివరిదాకా పోతుందని రమ్యకు తెలుసు. దిగివచ్చి కాదనాలని మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది; కాని పైన శ్యాంసుందర్ దాహమని పిలిచాడు. ఆమె మెట్లెక్కింది. ఒక మనిషి మీద నింద పడుతుంటే విని కూడా ఊరుకున్నందుకు ఆ రోజంతా ఆమెకు ముద్ద దిగలేదు.

స్నేహలత పదేళ్ల కిందట మధు అనే అతన్ని పెళ్లి చేసుకుంది. అతనిది స్టేషన్ ఘన్‌పూర్, వ్యవసాయ కుటుంబం, వేరే కులం. పెళ్లి కబురు విన్న పూట ఈ ఇంట్లో తండ్రి, తల్లి, తమ్ముడు ముగ్గురూ చచ్చినవాళ్లకు చేసినట్టు తలమీద నీళ్లు పోసుకున్నారు. ఆ తరువాత ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకలేదు. చివరికి ఆ తండ్రి కరోనా రెండోసారి ముంచుకొచ్చినప్పుడు ఆసుపత్రిలో పోయినా ఆమెకు కబురు వెళ్లలేదు. రమ్య కోడలిగా వచ్చింది ఆ పెళ్లి జరిగిన చాలా కాలానికి. ఆడబిడ్డను ఆమె చూసినది గోడకున్న ఫోటోలో కూడా కాదు. ఫోటో తీసేయగా గోడ మీద మిగిలిన తెల్లటి చోటులో.

శ్యాంసుందర్‌కు తోబుట్టువు కణాలు సరిపోవచ్చని డాక్టర్లు చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ స్నేహలత పేరు ఎత్తలేదు. రమ్య ఎవరికీ చెప్పకుండా ఆమె నంబరు సంపాదించి, దుకాణం వెనక గదిలో కూర్చుని ఫోను చేసింది. ఎంత బతిమాలాలో, ఏ మాట ముందు, ఏ మాట వెనుక అనాలో మనసులో వల్లె వేసుకుంది. తీరా అవతలి గొంతు పలికేసరికి ఒక్క వాక్యమే వచ్చింది.

"వదినె, నేను రమ్యను. శ్యాంకు పానం మంచిగ లేదు. మీ నెత్తురు కలుస్తదేమో చూడాల్నంట."



"టెస్టుకు ఏం తినకుంట రావాల్నా, తిని రావాల్నా?" అని అడిగింది స్నేహలత.

"నాకు తెల్వది వదినె."

"సరె, తినకుంటనే వస్త. అక్కర లేదంటే ఆడనే ఇడ్లీ తింట తియ్యి."

ఆమె అడిగింది అదొక్కటే. మీరంతా ఇన్నాళ్లూ ఎక్కడున్నారని అడగలేదు. సర్కారు బడిలో టీచరు. మరుసటిరోజే సెలవు పెట్టి వచ్చింది. కణాలు పూర్తిగా సరిపోయాయి. తీసే ముందు రోజుల్లో ఇచ్చే ఇంజెక్షన్లకు ఎముకలు లోలోపలే సలుపుతాయని నర్సు చెబితేగాని రమ్యకు తెలియలేదు. స్నేహలత ఆ సలుపుతోనే పాఠాలు చెప్పి వచ్చింది. తీసే రోజున రెండు చేతులకూ సూదులు పెట్టి, కదపకూడదని చెప్పి, యంత్రం పక్కన పడుకోబెట్టారు. ఒక చేతినుంచి నెత్తురు యంత్రంలోకి పోయి, కణాలు వడకట్టుకుని, రెండో చేతిలోకి తిరిగి వస్తోంది. కొంతసేపటికి ఆమె రమ్యను దగ్గరికి పిలిచింది.

"మర్దలా, ముక్కు మీద దురద పెడ్తాంది. జర గోకు. నీ లగ్గంల నాకు రావాల్సిన ఆడబిడ్డ కట్నం ఇదే అనుకుంట."

రమ్య నవ్వింది, ఏడ్చింది, ముక్కు గోకింది. ఆ రోజునుంచి ఆమె దృష్టిలో స్నేహలతను మించిన మనిషి లేదు. ఇవ్వడం చాలామందికి చేతనవును. ఇచ్చి, పుచ్చుకున్నవాళ్లు కుంచించుకుపోకుండా నవ్వించడం అందరికీ చేతకాదు.

అలాంటి మనిషిని, ఆదివారం నాడు తమ్ముణ్ణి చూడటానికి వస్తే, నిర్మల దుకాణం గడప దగ్గరే ఆపేసింది.

"ఎందుకొచ్చినవ్? చేసింది చాలలేదా?"

"సూసిపోదామని వచ్చిన అమ్మా."

"నీ కోపం వాన్ని తింటాంది. నీకు పుణ్యముంటది, వాని జోలికి రాకు."

బజారంతా వినే గొంతుతో అన్న మాట అది. స్నేహలత మాస్కు సరిచేసుకుంది. ఆమె కళ్లు మాత్రమే కనబడుతున్నాయి, అవి తడవలేదు.

"కోపమైతే ఉన్నది. అబద్ధమెందుకు ఆడాలె? కని నా కోపం నా నోట్ల ఉంటదమ్మా, నెత్తుట్ల ఉండది."

రమ్య పైకి పరుగెత్తి భర్తకు చెప్పింది. అక్కను పైకి పిలుస్తాడని ఆమె ఆశ. శ్యాంసుందర్ పొట్టు రేగిన అరచేతులు ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

"అద్దు రమ్యా. అమ్మ చెప్పింది నిజమే కావచ్చు. ఆనాడు నేను సుత నీళ్లు పోసుకున్న కద. అక్క మరిచిపోతదా?"

ఒంట్లో తిరుగుతున్నది ఆమె ఇచ్చిన నెత్తురే. అది పెట్టుకుని ఆమెనే వద్దనడం రమ్యకు అన్యాయం అనిపించింది. కాని జ్వరంతో ఉన్న మనిషితో వాదించలేక కిందికి వచ్చి, "మంగళారం హన్మకొండల డాక్టర్ దగ్గరికి పోతాన్నం వదినె" అని మెల్లగా చెప్పింది.

"నేను సుత అక్కడికే వస్త" అంది స్నేహలత. "దవాఖానకు ఎవరన్న రావచ్చు. దానికి గడప లేదు."

మంగళవారం డాక్టరు చంద్రమౌళి గదిలో నలుగురూ ఉన్నారు. చక్రాల కుర్చీలో శ్యాంసుందర్, అతని వెనక రమ్య, ఒక మూల నిర్మల, ఎదురు మూల స్నేహలత. తల్లీబిడ్డలు ఒకరినొకరు చూసుకోలేదు. చంద్రమౌళి రోగి చేతులు తిప్పి చూసి, నోట్లో టార్చి వేసి, పొట్ట నొక్కి, విరేచనాలెలా ఉన్నాయని అడిగి, కుర్చీలో వెనక్కి వాలారు.

నిర్మల ఆగలేకపోయింది. "సారూ, ఒక్క మాట నిజం చెప్పుండ్రి. నా కొడుకును తింటాన్నది దీని నెత్తురేనా, కాదా?"

"అవునమ్మా, ఈమె కణాలే" అన్నారు చంద్రమౌళి.

నిర్మల ముఖంలో గెలుపు, ఆ వెంటనే భయం కనబడ్డాయి. స్నేహలత తల దించుకుంది. గడప దగ్గర తల్లి అన్న మాటకు వంగని ఆ తల ఇప్పుడు వంగడం చూసి రమ్యకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

"పూర్తిగ వినుండ్రి. మీది దుకాణం కద? ఒక సంగతి చెప్పుండ్రి. మీ పాత గుమస్తాలందరు దొంగలతోని కలిసిపోయిండ్రు అనుకోండ్రి. అందర్ని తీసేసి, ఊరికి కొత్త, మస్తు స్ట్రిక్టు మనిషిని తెచ్చి గల్లాపెట్టె కాడ కూసోబెట్టిండ్రు. మొదటిరోజు మీరే పోయి గల్లాల చెయ్యి పెడితే ఏం చేస్తడు?"

"పట్టుకుంటడు" అంది నిర్మల, అయిష్టంగా.

"మీ మీద పగనా?"

"నేనెవరో వానికి తెల్వకపాయె."

"గంతే. ఈమె కణాలకు మీ కొడుకు తోలు తెల్వదు, పేగులు తెల్వదు. అన్నీ పరాయిగనే కనిపిస్తయి. ఇంకో సంగతి. ఈమెకు కొడుకున్నడు. మగబిడ్డను మోసిన తల్లి కణాలు మగవాళ్ల ఒంటి గుర్తుల్ని పరాయివని ముందే నేర్చుకొని ఉండొచ్చు. అందుకే తల్లి అయిన ఆడమనిషి నుంచి మగవానికి ఇచ్చినప్పుడు ఈ తిప్పలు జర ఎక్కువ. ఇది తెలిసే తీసుకున్నం, ఎందుకంటే ఇంతగ కలిసిన కణాలు ఇంకెవరియి దొరకలేదు. మరొక్కటి చెప్త, ఇది గూడ చెవిన పెట్టుండ్రి. ఎంత మందు పెట్టినా ఒంట్ల ఏ మూలనో క్యాన్సర్ కణం ఒకటో రెండో దాక్కొనే ఉంటయి. వాటిని ఎతికి పట్టేది గా స్ట్రిక్టు గుమస్తానే. మిమ్మల్ని పట్టుకున్న చెయ్యీ, దొంగను పట్టుకునే చెయ్యీ ఒక్కటే. నాకు ఈ వృత్తిల ఇంతకంటె గొప్ప సంగతి ఇంకోటి కనిపియ్యలేదమ్మా."

ఆయన గొంతులో వైద్యుడి తీరు పోయి, గుళ్లో దీపం చూపించేవాడి తీరు వచ్చింది. రమ్య భర్త మెడ మీది ఎర్రటి మచ్చలను చూసింది. ఇంతదాకా అవి ఆమెకు శత్రువు వేసిన వాతల్లా కనబడేవి. పరాయి ఇంట్లో దిగిన రోజునుంచే కంటిమీద కునుకు లేకుండా కాపలా కాస్తున్న ఎవరివో అడుగుల్లా ఇప్పుడు తోచాయి. తన ముక్కు దురదను కూడా గోక్కోలేని స్థితిలో పడుకుని నవ్వించిన మనిషి కణాలు మరొకలా ఎందుకుంటాయి?

"అయితే ఆ గుమస్తాకు ముఖాలు గుర్తయ్యేదాక, జర నెమ్మదిగ ఉండు అని చెప్పేటందుకే రోజు రెండు పూటల మింగమని ఇచ్చిన ఆ క్యాప్సూళ్లు" అని చంద్రమౌళి గొంతు మార్చారు. "ఇప్పుడు అసలు సంగతి. నెత్తుటి టెస్టుల ఆ మందు జాడ దాదాపు లేదు. రెండే కారణాలు. ఒకటి, మింగుతాన్నడు కని పేగులు దెబ్బతిని ఒంటికి పడుతలేదు. అట్లయితే ఇయ్యాలనే చేర్చుకొని, ఇంకా బలమైన మందు పెట్టాలె. అది ఉన్న కాస్త కాపలాను గూడ పడగొడ్తది, చిన్న ఇన్‌ఫెక్షన్ వచ్చినా ప్రాణం మీదికొస్తది. రెండు, మందు మింగుతనే లేడు. అట్లయితే అంత పెద్ద మందు అవసరం లేదు. తప్పు మందు పెడితే మనిషి దక్కడు. అందుకని నిజం కావాలె. మందు వేసుకుంటాన్నవా శ్యాం?"

"ఒక్క పూట సుత తప్పలే సారూ. అమ్మనే చేతిల పెడ్తది."

చంద్రమౌళి చూపు నిర్మల మీదికి మళ్లింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. "ఇస్తాన్న సారూ" అంది. "రెండు పూటల ఇస్తాన్న."

ఆయన పెన్ను తీశారు. "అయితే పేగులే. అడ్మిషన్ రాస్త."

ఆ పెన్ను కాగితాన్ని తాకే లోపల రమ్యకు ఒక వాసన గుర్తొచ్చింది. పొద్దున్నే తాను దుకాణం తెరవడానికి దిగేటప్పుడు వంటింట్లోంచి వచ్చే చేదు పచ్చి వాసన. బాల్కనీ జాలీకి ఈమధ్య అల్లుకున్న తిప్పతీగ. కరోనా రోజుల్లో ఈ ఇంట్లో అందరికీ అత్తగారు గ్లాసులతో పోసిన కషాయం. అడగకపోతే భర్త ప్రాణం. అడిగితే అత్తగారి పరువు, అదీ ఆడబిడ్డ ఎదుట. బరువు చూడటానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. మెట్ల మీద ఒకసారి ఊరుకుని చూసింది. దాని రుచి తెలుసు.

"సారూ, రాయకుండ్రి. అత్తమ్మా, ఆయనకు తిప్పతీగ కషాయం ఇస్తాన్నవా?"

నిర్మల ఉలిక్కిపడింది. "అది మందే కదనే! బలానికి!"

"ఇస్తాన్నవా, లేదా?"

"ఇస్తాన్న. అయితేంది?"

"మరి క్యాప్సూళ్లు?"

నిర్మల తల పక్కకు తిప్పుకుంది. రమ్య వెళ్లి ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

"అత్తమ్మా, నిన్ను ఎవ్వరూ ఏమనరు. అననియ్య. కని ఇప్పుడు నువ్వు చెప్పకుంటే నీ కొడుకు పోతడు."

నిర్మలకు మాట మొదలయ్యాక ఇక ఆగలేదు.

"మీ మామ పోయినప్పుడు దవాఖానోళ్లు ఏమన్నరే? రెసిస్టెన్స్ పవర్ లేక పోయిండన్నరు. ఊరూరా అదే చెప్పిరి, టీవీల అదే చెప్పిరి, పెంచుకోండ్రి, పెంచుకోండ్రి అని. గిప్పుడు ఈ సారు, గా పవర్ తగ్గెటందుకు గోలీలు అన్నడు. మొగన్ని పోగొట్టుకున్న, కొడుక్కు నా చేతులతోని ఎట్ల తగ్గియ్యాలె? మూడు వారాల సంది గవి పక్కన పారేసి, గసువంటియే బలం గోలీలు చేతిల పెట్టిన. పైకెల్లి కషాయం పోసిన. నా పిలగాడు మంచిగ కావాల్నని పోసిన…"

చక్రాల కుర్చీలో శ్యాంసుందర్ కళ్లు మూసుకున్నాడు. చంద్రమౌళి పెన్ను పక్కన పెట్టారు.

"గుమస్తాకు నెమ్మదిగ ఉండు అని చెప్పేవాన్ని ఇంటికి పంపిచ్చి, మీదికెల్లి దొరికినోన్ని దొరికినట్టు కొట్టు అని ఎగదోసినట్టయిందమ్మా. కషాయం మామూలు మనిషికి ఏం చేస్తదో పక్కన పెట్టుండ్రి, ఇతనికి వద్దు. నిజం చెప్పి కొడుకును కాపాడుకున్నరు. ఇంక భయం నాకు విడిచిపెట్టుండ్రి."

గదిలో ఇంతదాకా నోరు విప్పనిది స్నేహలత ఒక్కతే. ఆ మనిషి గెలిచింది. "చూశావా" అనడానికి హక్కు ఉంది. రమ్య ఆమె వైపు చూడటానికి కూడా సిగ్గుపడింది. స్నేహలత లేచి, తల్లి దగ్గరికి కాక, తమ్ముడి కుర్చీ దగ్గరికి వెళ్లింది.

"ఏరా, నా గుమస్తా మరీ దుడుకోడు ఉన్నట్టున్నడు. జర ఓర్సుకో. ఇంట్ల సుత నన్ను అందరు గట్లనే అంటరు."

శ్యాంసుందర్ పుండ్ల నోటితో నవ్వబోయి, నొప్పికి మూలిగి, "అక్కా" అన్నాడు.

క్యాప్సూళ్లు మళ్లీ మొదలయ్యాయి, వాటితో స్టెరాయిడ్లు. మొదటివారం ఏ మార్పూ లేక రమ్య దేవుళ్లందరికీ మొక్కింది. ఆ తరువాత నోటి పుండ్లు మానాయి. చర్మం పొరలుగా రాలి, కింద కొత్తది పలచగా కనబడింది. పూర్తిగా పోలేదు. మోచేతుల దగ్గర బిరుసుదనం నిలిచిపోయింది, ఏళ్లపాటు ఉండవచ్చునని చంద్రమౌళి ముందే చెప్పారు. క్యాన్సరు జాడ మాత్రం పరీక్షల్లో ఎక్కడా లేదు. మరొక వింత: బి పాజిటివ్‌గా పుట్టిన శ్యాంసుందర్ నెత్తురు ఇప్పుడు అక్కలాగే ఓ పాజిటివ్. వేరే ఇంటిదైపోయిందని తలకు నీళ్లు పోసుకున్న ఇంట్లో, ఇంటి వారసుడి ఒళ్లంతా ఆమె నెత్తురే తిరుగుతోంది.

ప్రాణం దక్కింది. న్యాయం మిగిలి ఉందని రమ్యకు తోచింది. నింద బజారులో పడింది. దాన్ని వంటింట్లో కడిగితే పోదు. ఒక శుక్రవారం ఆడవాళ్లు మళ్లీ దుకాణానికి వచ్చినప్పుడు ఆమె అత్తగారి పక్కనే నిలబడింది. నిర్మల కోడలి ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, సడలింపు కూడా లేదు.

"నా బిడ్డ నెత్తురు పగబట్టలేదు" అంది నిర్మల, బిందెల మీద చూపు నిలిపి. "గోలీలు నేనే ఆపిన. నా చేతులతోని చేసుకున్న. దాని నెత్తురే నా కొడుకును నిలబెట్టింది. ఆనాడు నేనన్నది మీరు పదిమందికి చెప్పి ఉంటరు; ఇది సుత చెప్పుండ్రి."

ఒకావిడ దగ్గింది. ఒకావిడ గిన్నె ధర అడిగింది. తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో రమ్య అప్పుడు చూసింది. పెళ్లయి వచ్చినప్పటినుంచి అత్తగారిని అంతగా గౌరవించిన పూట మరొకటి లేదు.

ఆ రాత్రే నిర్మల బిడ్డకు ఫోను చేసి, భోజనానికి రమ్మంది. స్నేహలత జవాబు స్పీకరులో రమ్య కూడా విన్నది.

"అవసరమని పిలిస్తె వచ్చిన. మళ్ల అవసరమైతే మళ్ల వస్త. బిడ్డగ రావాల్నంటే మాత్రం పద్ధతి ఉన్నది కదమ్మా. మా ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, ఆయన్ను, మా అత్తమ్మను పిలువు. ఒక్కదాన్నే రాను."

తరువాతి ఆదివారం అత్తాకోడళ్లిద్దరూ ప్యాసింజరు ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగారు. నిర్మల పట్టుచీర కట్టింది; సంచిలో కుంకుమ భరిణె, పండ్లు. వాకిట్లో మిరపకాయలు ఆరబోసిన ఇంటి ముందు స్నేహలత అత్తగారు చిలుకమ్మ నిలబడి ఉంది. మధు లోపలినుంచి కుర్చీలు తెచ్చి వేశాడు.

నిర్మల బిడ్డకు బొట్టు పెట్టింది. వియ్యపురాలికి పెట్టింది. అల్లుడి ముందు చేతులు జోడించబోతే అతను వారించాడు. "ఇంటిల్లిపాది రావాలె" అంది.

చిలుకమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆమెను పైనుంచి కింది దాకా చూసింది.

"వస్తం తియ్యి వదినె. ముందుగాల ఒకటి చెప్పు. మా ఇంట్ల చాయ్ తాగుతవా, లేకుంటె నీ సంచిల బిస్లేరి సీసా తెచ్చుకున్నవా?"

నిర్మల కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"తాగుత. నాకు షుగరున్నది, చక్కెర జర తక్కువెయ్యి."